నెల రోజులు హైడ్రోజన్‌లో పెట్టినా ఏమీ కాలేదంటే స్టీల్ పాసయినట్టేనా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెప్తా, తప్పుంటే సరిచెయ్యి. మీ ప్లాంట్‌లో పాత హీట్ ఎక్స్‌ఛేంజర్ ఒకటుంది, షెల్ (బయటి డొల్ల) కార్బన్-హాఫ్ మాలీ స్టీల్ (అర శాతం మాలిబ్డినం కలిపినది), లోపల 290 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ పార్షియల్ ప్రెషర్ (మొత్తం ప్రెషర్‌లో హైడ్రోజన్ వాటా) ఓ 40 బార్ ఉంటుంది. షట్‌డౌన్‌లో నాజిల్ మార్చినప్పుడు కోసిన ముక్కని బయటి ల్యాబ్‌కి పంపారు, వాళ్లు ఆటోక్లేవ్‌లో (వేడి, ప్రెషర్ పెట్టే మూసిన పాత్రలో) 400 డిగ్రీలు, 100 బార్ ప్యూర్ హైడ్రోజన్‌లో 720 గంటలు పెట్టి తీసి, మైక్రోస్కోప్‌లో పగుళ్లు లేవు, టెన్సైల్ (లాగితే తట్టుకునే బలం) తగ్గలేదు, అటాక్ లేదు అని రాసిచ్చారు. మీ మేనేజర్ ఆ కాగితం పట్టుకుని ఇంకో పదిహేనేళ్లు నడపొచ్చు అంటున్నారు, నీకు మనసొప్పట్లేదు. ఏకవచనంలో రాస్తున్నా, ఏమనుకోకు, మా చిన్నోడి వయసున్నట్టుంది నీకు.

నీ మనసు చెప్పేదే కరెక్ట్. ఆ రిపోర్ట్‌లో ఉన్న ప్రతి మాటా నిజమే కావచ్చు, అయినా దాంతో మీ ఎక్స్‌ఛేంజర్ గురించి తేలేది ఏమీ లేదు. ఎందుకో కాస్త పొడుగ్గా చెప్తా, ఎందుకంటే ఈ టెస్టింగ్‌లో పదేళ్లు, తర్వాత ఇన్‌స్పెక్షన్‌లో ఇంకో పదిహేనేళ్లు పనిచేసి, ఇదే తప్పు నేనూ చేసి, వేరేవాళ్లు చేస్తుంటే చూసి ఉన్నాను.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. హైడ్రోజన్ వల్ల స్టీల్ పాడవడం అనగానే అందరూ ఎంబ్రిటిల్‌మెంట్ (పెళుసుబారడం) అంటారు. అది వేరు, ఇది వేరు. ఎంబ్రిటిల్‌మెంట్ మామూలు గది వేడి దగ్గరే ఎక్కువ బాధపెడుతుంది, స్టీల్‌లో హైడ్రోజన్ ఉన్నంతసేపే ఉంటుంది, వేడిచేసి తరిమేస్తే పగుళ్లు పడనంతవరకూ స్టీల్ మళ్లీ మామూలే. మీది దాదాపు 200 డిగ్రీలు దాటాక మొదలయ్యే హాట్ హైడ్రోజన్ అటాక్, ఇది శాశ్వతం. తడిసిన చెక్క ఎండలో పెడితే ఆరుతుంది, చెదపట్టిన చెక్కని ఎంత ఆరబెడితే ఏం లాభం? రెండూ చెక్క మెత్తబడటమే, కానీ టెస్ట్ చేసే పద్ధతి పూర్తిగా వేరు. ఏఎస్‌టీఎం (అమెరికా టెస్టింగ్ ప్రమాణాల సంస్థ) జీ142 అని ఒక పద్ధతి ఉంది, హైడ్రోజన్ లోపలే టెన్సైల్ లాగి, అదే స్పెసిమెన్‌ని జడవాయువులో లాగి, రెండిటి నిష్పత్తి చూస్తారు. మంచి పద్ధతే, కానీ అది ఎక్కువగా తడిని, అంటే ఎంబ్రిటిల్‌మెంట్‌ని, కొలుస్తుంది. చెదని, అంటే అటాక్‌ని, పట్టుకోవాలంటే ముక్కని వందలు వేల గంటలు లోపల పెట్టాల్సిందే, వేరే దారి లేదు.

చెద ఎలా పడుతుందంటే, వేడికి హైడ్రోజన్ అణువు స్టీల్ మీద విడిపోయి ఒంటరి పరమాణువు అవుతుంది, అది ఎంత చిన్నదంటే ఇనుము సందుల్లోంచి ఇట్టే దూరిపోతుంది, 400 డిగ్రీల దగ్గర సెంటీమీటర్ మందం దాటడానికి దానికి కొన్ని గంటలు చాలు. లోపల కార్బైడ్ రూపంలో (లోహంతో కలిసి) కార్బన్ ఉంటుంది, దాంతో కలిసి మీథేన్ అవుతుంది. మీథేన్ లావు, బయటికి రాలేదు. గాదెలో సన్నగా దూరిన ఎలుక తిని తిని బలిసి బయటికి రాలేక లోపలే ఇరుక్కున్నట్టు. ఆ మీథేన్ గ్రెయిన్ బౌండరీల (స్టీల్‌లోని సన్నని రేణువుల మధ్య హద్దుల) దగ్గర చిన్న చిన్న బుడగలు కట్టి ప్రెషర్ పెంచుకుంటూ పోతుంది, బుడగలు కలిసి సన్నని చీలికలు, చీలికలు కలిసి పగులు. అటు కార్బన్ పోయి స్టీల్ మెత్తబడుతుంది, ఇటు లోపలినుంచి విడిపోతుంది. ఇలాంటిదే రాగిలో కూడా ఉంది, ఆక్సిజన్ ఉన్న మామూలు రాగిని వేడి హైడ్రోజన్‌లో పెడితే లోపల ఆవిరి పుట్టి పూరీలా లోపల్నుంచి ఉబ్బుతుంది, అందుకే ఆటోక్లేవ్‌కి రాగి గాస్కెట్ వేసేవాళ్లు ఆక్సిజన్ లేని రాగే వెతుక్కోవాలి. మేము ఒకసారి వెతుక్కోలేదు, దొరికింది వేసేశాం, మూడో రన్‌లో లీకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఈ జబ్బు మొదలైన రోజు నుంచే కనపడదు. ఇంక్యుబేషన్ టైమ్ అని ఒకటి ఉంటుంది, ఆ టైమ్‌లో బుడగలు పుడుతుంటాయి కానీ టెన్సైల్, బెండ్, చార్పీ (దెబ్బ కొట్టి విరిచే టెస్ట్) దేంట్లోనూ తేడా రాదు, మామూలు మైక్రోస్కోప్‌కీ చిక్కవు. ఆ టైమ్ అయిపోయాక మాత్రం బలం గబగబా పడిపోతుంది. అంటే 720 గంటలకి ఏమీ లేదు అంటే రెండే అర్థాలు, ఈ స్టీల్‌కి నిజంగా అటాక్ రాదు, లేదా ఇంక్యుబేషన్ ఇంకా అవ్వలేదు. ఆ రిపోర్ట్ చూసి ఈ రెండిట్లో ఏదో చెప్పగలవా? నేనైతే చెప్పలేను. ఏపీఐ 941లో (ఈ అటాక్ మీద అమెరికా పెట్రోలియం సంస్థ వేసే మార్గదర్శక పుస్తకం) కార్బన్ స్టీల్‌కి ఇంక్యుబేషన్ టైమ్ చార్ట్ ఉంటుంది చూడు, వేడీ ప్రెషరూ కాస్త తగ్గితే ఆ టైమ్ ఎంతలా సాగిపోతుందో కళ్లకి కడుతుంది.

మీ మేనేజర్ అనేది నాకు వినపడుతూనే ఉంది, 290కి బదులు 400 పెట్టాం, 40కి బదులు 100 పెట్టాం, అంత కష్టమైన కండిషన్‌లో నెల రోజులు నిలబడిందంటే తేలిక కండిషన్‌లో ఏళ్లు నిలబడదా అని. ఇక్కడే తమాషా ఉంది. హైడ్రోజన్ ప్రెషర్ పెంచితే లోపల కట్టగలిగే మీథేన్ ప్రెషర్ దాని వర్గం లెక్కన పెరుగుతుంది, 40 నుంచి 100కి వెళ్తే రెండున్నర రెట్లు, దాని వర్గం ఆరుంపావు రెట్లు, ఇంతవరకు మీ మేనేజర్ గెలిచారు. కానీ మీథేన్ పుట్టే రియాక్షన్ వేడిని వదిలే రియాక్షన్, టెంపరేచర్ పెంచితే బ్యాలెన్స్ వెనక్కి పోతుంది, 290 నుంచి 400కి వెళ్తే ఆ బ్యాలెన్స్ పది రెట్లకు పైగానే పడిపోతుంది. లెక్క వేసి చూసుకో, మీ ల్యాబ్ టెస్ట్‌లో బుడగ లోపల కట్టగలిగే గరిష్ఠ ప్రెషర్ ప్లాంట్‌లో కన్నా తక్కువ! అయితే వేడికి గోడ మెత్తబడి బుడగ సులువుగా పెరుగుతుంది, రియాక్షన్ స్పీడూ పెరుగుతుంది, అందుకే మొత్తం మీద వేడి టెస్ట్‌లో అటాక్ త్వరగానే వస్తుంది. కానీ పంపు బలం తగ్గించి గోడని మెత్తబరిచి చేసిన టెస్ట్‌ని, గట్టి గోడ బలమైన పంపు ఉన్న చోటికి ఒక గుణకం పెట్టి లాగేస్తే ఎలా? ఇంకా వేడి పెంచుకుంటూ పోతే లోపల బుడగలు కట్టడం కన్నా పైపైన కార్బన్ పోయే డీకార్బరైజేషనే ఎక్కువ అవుతుంది, అది వేరే జబ్బు. అందుకే నా అలవాటు, తొందరగా ఫలితం కావాలంటే ముందు ప్రెషర్ పెంచుతాం, టెంపరేచర్‌ని ప్లాంట్‌కి వీలైనంత దగ్గర ఉంచుతాం, కనీసం మూడు టెంపరేచర్లలో చేసి గీత గీస్తాం. ఒక్క చుక్కతో గీత గియ్యలేవు కదా.

హైడ్రోజన్ ప్రెషర్‌ని గేజ్‌లో ఉన్నదే వాడొచ్చా, ఫ్యుగాసిటీ (నిజమైన గ్యాస్ ప్రవర్తనకి తగ్గట్టు సరిచేసిన ప్రెషర్) వెయ్యాలా అని కూడా అడిగావు. వేడి దగ్గర పెద్ద తేడా లేదు, 400 డిగ్రీలు 140 బార్ దగ్గర 4 శాతం ఎక్కువ వస్తుంది అంతే. గది వేడిలో 700 బార్ సిలిండర్లవాళ్లకి మాత్రం అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది, వాళ్లు వెయ్యకపోతే తప్పు. మీథేన్ వైపు మాత్రం ఎప్పుడూ ఫ్యుగాసిటీయే చూడు, అక్కడ అంకెలు చాలా పెద్దవి.

మీ స్టీల్ చరిత్ర కూడా కాస్త తెలుసుకో. 1949లో షెల్ కంపెనీ ఇంజినీర్ జి.ఎ. నెల్సన్ ప్లాంట్లలో ఏది పాడైంది ఏది నిలబడింది అన్న అనుభవాలన్నీ పోగేసి టెంపరేచర్, హైడ్రోజన్ ప్రెషర్ పటం మీద చుక్కలు పెట్టి ఒక్కో స్టీల్‌కి ఒక్కో గీత గీశాడు, గీత కింద ఉంటే క్షేమం, పైన ఉంటే ప్రమాదం అని, అవే నెల్సన్ కర్వ్‌లు, 1970 నుంచి ఏపీఐ 941గా వస్తున్నాయి. చాలామంది అవి ల్యాబ్‌లో శాస్త్రీయంగా కనిపెట్టిన హద్దులు అనుకుంటారు, చాలావరకు కాదు, అవి అప్పటిదాకా ఎవరికి ఏం జరిగిందో దాని జాబితా. ఎవరికీ జరగలేదు అంటే గీత పైన ఉంటుంది, ఎవరికో జరిగింది అంటే కిందికి దిగుతుంది. మీ కార్బన్-హాఫ్ మాలీ గీత సరిగ్గా అలాగే దిగి దిగి 1990 ఎడిషన్‌లో ఏకంగా తీసేశారు, ఇప్పుడు దాన్ని మామూలు కార్బన్ స్టీల్‌గానే చూడమంటారు. ఎందుకంటే ఆ స్టీల్ ఒక్కో ముక్క ఒక్కోలా ప్రవర్తించింది, నార్మలైజ్ (వేడిచేసి గాల్లో చల్లార్చడం) చేసినదానికీ అనీల్ (ఫర్నేస్‌లోనే నెమ్మదిగా చల్లార్చడం) చేసినదానికీ కార్బైడ్‌లు వేరు, మాలిబ్డినం కార్బైడ్‌లోకి సరిగ్గా చేరితేనే కార్బన్‌ని పట్టి ఉంచుతుంది, చేరకపోతే అది పేరుకే మాలీ. క్రోమ్ ఉన్న స్టీళ్లకి ఆ ఇబ్బంది తక్కువ, క్రోమియం, వనేడియం కార్బన్‌ని గట్టిగా కట్టేసుకుంటాయి కాబట్టి హైడ్రోజన్‌కి దొరకదు. కాబట్టి మీ నాజిల్ ముక్క బాగుంటే ఆ నాజిల్ వేసిన హీట్ (ఒకసారి కరిగించి పోసిన స్టీల్ విడత) బాగుందని మాత్రమే అర్థం. షెల్ ప్లేట్ వేరే హీట్, వేరే మిల్లు అయ్యుండొచ్చు.

గీత కింద ఉన్నాం కదా భయమేంటి అనేవాళ్లకి నేను అనకోర్టిస్ గురించి చెప్తా. అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో టెసోరో రిఫైనరీ, 2010 ఏప్రిల్ 2, అర్ధరాత్రి దాటాక, నాఫ్తా హైడ్రోట్రీటర్‌లో (నాఫ్తాని హైడ్రోజన్‌తో శుద్ధి చేసే యూనిట్) క్లీనింగ్ చేసిన ఎక్స్‌ఛేంజర్ల బ్యాంక్‌ని (వరసని) లైన్‌లోకి తెస్తుంటే పక్క బ్యాంక్‌లో ఉన్న ఎక్స్‌ఛేంజర్ చీలిపోయింది, ఏడుగురు చనిపోయారు. అది 1972లో చేసిన కార్బన్ స్టీల్ ఎక్స్‌ఛేంజర్, వెల్డింగ్ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ చెయ్యలేదు, వెల్డ్ పక్కన హీట్ ఎఫెక్టెడ్ జోన్‌లో అటాక్ వల్ల పగుళ్లు. అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు విచారణ చేసి 2014లో రిపోర్ట్ ఇచ్చింది. ఆ ఎక్స్‌ఛేంజర్ల మధ్య అసలు టెంపరేచర్ కొలిచే ఏర్పాటే లేదు, బోర్డువాళ్లు మోడలింగ్ చేసి చూస్తే పగిలిన చోటు నెల్సన్ గీతకి కిందే ఉంది! గీత కిందే అటాక్ వచ్చిన రిఫైనరీ సంఘటనలు కనీసం 8 తమ దృష్టికి వచ్చాయని కూడా ఆ రిపోర్ట్‌లోనే రాశారు. తర్వాత 2016 ఎడిషన్‌లో, వెల్డింగ్ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ చెయ్యని కార్బన్ స్టీల్‌కి ఇంకో గీత 28 డిగ్రీలు కిందికి గీశారు. నువ్వు చెప్పిన 290 కొలిచిన 290నా, డిజైన్ డేటా షీట్‌లో ఉన్న 290నా? ఫౌలింగ్ (లోపల మడ్డి) పట్టిన ఎక్స్‌ఛేంజర్లో ఈ రెండూ ఒకటి కావు, తర్వాతి షెల్‌కి వేడి ముందుకి జరిగిపోతుంది. ఇది ముందు తేల్చుకో, ల్యాబ్ సంగతి తర్వాత.

అనకోర్టిస్‌లో పగిలింది వెల్డ్ పక్కన అన్నాను కదా, మీ ల్యాబ్ టెస్ట్ చేసింది బేస్ మెటల్. వెల్డ్ పక్కన కార్బైడ్‌లు కుదురుగా ఉండవు, గట్టిదనం ఎక్కువ, మిగిలిపోయిన స్ట్రెస్ ఎక్కువ, బుడగలకి అంతకంటే మంచి చోటు ఏముంటుంది. చిన్న ముక్కగా కోసేసరికి ఆ స్ట్రెస్ కూడా సగం పోతుంది, కాబట్టి వెల్డ్ ముక్క పెట్టినా లోడ్ లేకుండా పెడితే సరిపోదు. బోల్ట్‌తో బిగించి నోరు తెరిచి ఉంచే వెడ్జ్ స్పెసిమెన్ పెట్టొచ్చు. నాకు బాగా నచ్చింది మాత్రం గొట్టం స్పెసిమెన్, వెల్డ్ మధ్యలో వచ్చేలా బోలు ముక్క చేసి హైడ్రోజన్‌ని లోపలికి ఎక్కించి బయట మామూలు ఫర్నేస్‌లో పెట్టడం, ప్రెషరే స్ట్రెస్ ఇస్తుంది, గ్యాస్ కూడా కొన్ని సీసీలే కాబట్టి పగిలినా ప్రమాదం తక్కువ, పైగా ప్లాంట్‌లోలాగే ఒక వైపే హైడ్రోజన్, రెండోవైపు గాలి.

ఇక నేను ఎవరికైనా మొదట చెప్పేది, నీకూ చెప్తున్నా, ఆటోక్లేవ్‌లో పాడవ్వాల్సిన ముక్కని కూడా ఒకటి పెట్టాలి. మీ స్పెసిమెన్ పక్కనే, ఆ కండిషన్‌లో తప్పకుండా చెడిపోతుందని ముందే తెలిసిన మామూలు కార్బన్ స్టీల్ ముక్క. 720 గంటల తర్వాత అది చెడి మీది చెడకపోతే అప్పుడు ఒక మాట మాట్లాడొచ్చు. అది కూడా చెడలేదంటే మీ టెస్ట్ స్టీల్‌ని పరీక్షించలేదు, హైడ్రోజన్ లోపలికే పోలేదు. ఇది ఊహ కాదు, ఆక్సిజన్ కొన్ని పీపీఎం ఉన్నా, తేమ ఉన్నా స్టీల్ మీద సన్నని ఆక్సైడ్ పొర కట్టి హైడ్రోజన్ విడిపోవడాన్ని అడ్డుకుంటుంది, అప్పుడు నువ్వు నెల రోజులు పొర మన్నికని టెస్ట్ చేసినట్టు. మేము వ్యాక్యూమ్ లాగి నైట్రోజన్ నింపడం ఐదుసార్లు, తర్వాత హైడ్రోజన్ నింపి వదలడం మూడుసార్లు, గ్యాస్ ఐదు తొమ్మిదుల (99.999 శాతం) ప్యూరిటీ, బయటికి వచ్చే గ్యాస్‌లో ఆక్సిజన్ ఒక పీపీఎం లోపు చూసుకునేదాకా వేడి మొదలుపెట్టేవాళ్లం కాదు. మొదటి రెండేళ్లు ఇవేవీ చెయ్యలేదులే, ఆ రెండేళ్ల రిపోర్టులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

ఇంకో ముక్క కూడా ఉండాలి, అదే వేడి, అదే టైమ్, కానీ హైడ్రోజన్ బదులు ఆర్గాన్‌లో. ఎందుకంటే 400లు 500లలో వందల గంటలు ఉంటే హైడ్రోజన్ లేకపోయినా స్టీల్ మారుతుంది, మెత్తబడొచ్చు, టెంపర్ ఎంబ్రిటిల్‌మెంట్ (ఆ వేడిలో ఎక్కువకాలం ఉండటంతోనే పెళుసుబారడం) రావచ్చు. నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో క్రోమ్-మాలీ ముక్కలో చార్పీ సగానికి పడిపోతే హైడ్రోజన్ అటాక్ అని రిపోర్ట్ రాసి పంపేశాం, రాసింది నేనే, క్లయింట్ ఆ హీట్ మొత్తం రిజెక్ట్ చేశాడు, నాలుగు నెలల తర్వాత ఎవరో ఆర్గాన్‌లో పెట్టి చూస్తే అంతే పడింది. హైడ్రోజన్ పాత్ర సున్నా. అప్పట్నుంచి ఆర్గాన్ ముక్క లేని రిపోర్ట్ మీద నేను సంతకం పెట్టలేదు.

రన్ ముగించే పద్ధతి కూడా చాలామంది పట్టించుకోరు. ప్రెషర్‌లోనే చల్లారిస్తే స్టీల్‌లో కరిగిన హైడ్రోజన్ అక్కడే ఇరుక్కుంటుంది, తర్వాత టెన్సైల్ లాగితే తడీ చెదా కలిసిపోయి కనిపిస్తాయి. మనకి చెద ఒక్కటే కావాలంటే వేడి మీదే ప్రెషర్ దించి నైట్రోజన్‌లో కొన్ని గంటలు ఉంచి హైడ్రోజన్‌ని బయటికి పోనిచ్చాకే చల్లార్చాలి. హైడ్రోక్రాకర్ రియాక్టర్ల లోపలి స్టెయిన్‌లెస్ పొర ఊడిపోతుందా అని చూసే జీ146 టెస్ట్‌లో మాత్రం సరిగ్గా దీనికి తిరగబడి చేస్తారు, హైడ్రోజన్‌తో నింపి కావాలనే వేగంగా చల్లార్చి, గది వేడిలో వారం పది రోజులు ఉంచి, అప్పుడు అల్ట్రాసోనిక్ చేస్తారు, ఎందుకంటే ఆ పొర ఊడేది చల్లారేటప్పుడు, చల్లారాక. హజీరాలో ఎల్ అండ్ టీ చేసే పెద్ద రియాక్టర్లలాంటి వాటికి ఈ డిస్‌బాండింగ్ టెస్ట్ మామూలే. నీ కేసుకి అది అక్కర్లేదు.

మైక్రోస్కోప్ దగ్గర కూడా మోసం ఉంది. పాలిష్ గట్టిగా చేస్తే మెత్తబడిన స్టీల్ చీలికల మీదికి పులిమినట్టు అయి అవి మూసుకుపోతాయి, ఏమీ లేదు అని రాసేస్తాం. నైటాల్‌లో (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లం) ఎక్కువసేపు ఎచ్ చేస్తే మంచి స్టీల్‌లో కూడా గ్రెయిన్ బౌండరీలు తవ్వుకుపోయి అటాక్‌లాగే కనిపిస్తాయి. అందుకే కొంచెం పాలిష్, కొంచెం ఎచ్, మళ్లీ పాలిష్ ఇలా మార్చి మార్చి చేసి, చివర్లో ఎస్ఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) కనీసం రెండు వేల రెట్లలో చూడాలి. ఇంకా అనుమానం ఉంటే ముక్కని ద్రవ నైట్రోజన్‌లో ముంచి పట్టున విరిస్తే గ్రెయిన్ ముఖాల మీద బుడగల గుంటలు బయటపడతాయి, మొదటి దశని పట్టుకోవడానికి నాకు తెలిసి అంతకన్నా నమ్మకమైంది లేదు. మామూలు ఆప్టికల్‌లో 200 రెట్ల ఫోటో పెట్టి అటాక్ లేదంటే నేను ఆ పేజీ తిప్పేస్తా.

ఇదంతా చదివి మా దగ్గరే ఆటోక్లేవ్ పెట్టేస్తే పోలా అనుకుంటావేమో, కాస్త ఆగు. టెస్ట్ చేసే పాత్ర కూడా అదే హైడ్రోజన్‌లోనే ఉంటుంది, దాన్ని ఎవరు టెస్ట్ చేశారు? ఈ ప్రశ్న వందేళ్ల క్రితమే బీఏఎస్ఎఫ్‌లో కార్ల్ బోష్‌కి వచ్చింది. అమోనియా కోసం 200 అట్మాస్ఫియర్లు, 500 డిగ్రీలు దాటి నడిపిన మొదటి కార్బన్ స్టీల్ రియాక్టర్లు 80 గంటలకే పేలాయి, కోసి చూస్తే లోపలి గోడలో కార్బన్ లేదు. 1911లో ఆయన కనిపెట్టిన ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది, లోపల కార్బన్ దాదాపు లేని మెత్తని ఇనుము గొట్టం, ప్రెషర్ మోసే బయటి స్టీల్ గోడకి చిన్న చిన్న రంధ్రాలు. హైడ్రోజన్ మెత్తని ఇనుములోంచి ఎలాగూ కారుతుంది, కారనీ, కానీ బయటి గోడని చేరేలోపు రంధ్రాల్లోంచి గాల్లోకి పోనీ అని. హైడ్రోజన్‌ని ఆపడం మానేసి దారి ఇచ్చాడు. ఆ ఉపాయంతోనే 1913లో ఒప్పౌ ప్లాంట్ నడిచింది, 1931లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఇప్పుడు మన వైపు రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ దాకా ఎక్కడ అమోనియా తయారైనా ఆ తలనొప్పి వారసత్వమే.

మంచి ఆటోక్లేవ్‌లలో హీటర్ లోపల, చల్లని గోడ బయట ఉండే డిజైన్ తీసుకో, వేడి, ప్రెషర్ రెండూ ఒకే గోడ మొయ్యకూడదు. హైడ్రోజన్ గాలి కన్నా ఏడు రెట్లు వేడిని లాగేస్తుంది కాబట్టి నైట్రోజన్‌లో సెట్ చేసిన కంట్రోలర్ హైడ్రోజన్‌లో పనికిరాదు, పైకీ కిందికీ వేడి తేడా మళ్లీ కొలుచుకోవాలి. థర్మోకపుల్‌ని నేరుగా గ్యాస్‌లో పెట్టకు, షీత్‌లోంచి హైడ్రోజన్ దూరి రీడింగ్ నెమ్మదిగా జారుతుంది, థర్మోవెల్‌లో పెట్టు. నింపేటప్పుడు లెక్క మర్చిపోకు, మూసిన పాత్రలో 20 డిగ్రీల దగ్గర 60 బార్ నింపితే 400 డిగ్రీలకి దాదాపు 140 అవుతుంది, చల్లగా ఉన్నప్పుడే 140 నింపి హీటర్ వేసిన మహానుభావుల్ని చూశాను, రప్చర్ డిస్క్ ఉంది కాబట్టి అందరం బతికాం.

లీటర్ పాత్రలో 140 బార్, 400 డిగ్రీల దగ్గర ఉండే హైడ్రోజన్ మొత్తం 5 గ్రాములే, కానీ కాలితే 600 కిలోజౌల్స్, అంటే దాదాపు 140 గ్రాముల టీఎన్‌టీ లెక్క. మంట పగటి వెలుతురులో కనపడదు. పాత ప్లాంట్లలో గడ్డి చీపురు ముందుకి చాపుకుంటూ నడిచేవాళ్లు, చీపురు అంటుకుంటే అక్కడ మంట ఉన్నట్టు. నవ్వకు, మా దగ్గర కెమెరా డిటెక్టర్ కొన్న తర్వాత కూడా మూలన ఒక చీపురు ఉండేది. డిటెక్టర్ ఎప్పుడూ సీలింగ్ దగ్గరే పెట్టించు, ఏసీ ఇంటేక్ ఎక్కడుందో చూసుకో.

సరే, మరి ఏం చెయ్యాలి అంటే, నేనైతే ఈ ఎక్స్‌ఛేంజర్ కోసం ఇంకో ల్యాబ్ టెస్ట్‌కి డబ్బులు ఖర్చు పెట్టను. కార్బన్ స్టీల్ గీతతో, అదీ వెల్డ్ హీట్ ట్రీట్‌మెంట్ రికార్డు దొరక్కపోతే కింది గీతతో పోల్చి చూడు. నువ్వు చెప్పిన 290, 40 బార్ ఆ గీతకి పైనే పడుతుంది, అంటే ఇది ఇంకా టెస్ట్ చేసి తేల్చాల్సిన కేసు కాదు, మార్చాల్సిన కేసు. మార్చేదాకా రెండు షెల్‌ల మధ్య టెంపరేచర్ పాయింట్లు పెట్టించు, వెల్డ్‌ల మీద టీఓఎఫ్‌డీ, ఫేజ్డ్ యారే అనే అల్ట్రాసోనిక్ పద్ధతులు రెండూ చేయించు, ఈ జబ్బుని ముందు చూసిన ఆపరేటర్‌తోనే చేయించు, మామూలు యూటీ (అల్ట్రాసోనిక్ టెస్ట్) వాడి చేత చేయిస్తే మొదటి దశ కనపడదు. అది కనపడలేదు కాబట్టి లేదు అని మాత్రం రాయించుకోకు, ఇందాక ల్యాబ్‌కి చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది. స్టార్టప్ అప్పుడు ఆ ఎక్స్‌ఛేంజర్ చుట్టూ పనిలేని మనిషి ఒక్కడు కూడా ఉండకూడదు, అనకోర్టిస్‌లో లీకులు ఆపడానికని ఎక్కువమందిని పిలిపించుకున్నారు.

కొత్తది క్రోమ్-మాలీలో కొనేటప్పుడు 1.25 శాతం క్రోమ్ చాలా, 2.25 శాతం క్రోమ్ కావాలా అన్న నీ రెండో ప్రశ్నకి నీ హైడ్రోజన్ పార్షియల్ ప్రెషర్ గరిష్ఠంగా ఎంత పోతుందో తెలియకుండా చెప్పలేను, నార్మల్ రన్ కాదు, క్యాటలిస్ట్ చివరి రోజుల్లో ఎంతో చెప్పు. అలాగే ఆ ల్యాబ్ రిపోర్ట్‌లో ఫోటోల కింద మాగ్నిఫికేషన్, ఎచ్చింగ్ టైమ్ రాసి ఉన్నాయేమో, ఆటోక్లేవ్‌లో మీ ముక్కతో పాటు ఇంకేమైనా పెట్టారేమో వాళ్లని అడిగి ఇక్కడ రాయి. కార్బన్ స్టీల్ ముక్క కూడా పెట్టి ఉంటే, అది ఏమైందో ముందు అది చెప్పు.